బొకేతెలో ఉండాలంటే ముందు కొండవాలు చూసుకోవాలి

పనామా పశ్చిమాన చిరికీ రాష్ట్రంలో, దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉన్న కాఫీ తోటల ఊరు బొకేతె. 2004 వేలంలో రికార్డు ధర పలికిన గేషా రకం కాఫీ ఇక్కడిదే. ఏడాదంతా చల్లగా ఉంటుందని విని విదేశీ రిటైరీలు ఇక్కడికి చేరుతున్నారు. అయితే ఈ ఊరి వాతావరణం రెండు మూడు కిలోమీటర్లకే మారిపోతుంది. ఇల్లు తీసుకునే ముందు తెలియాల్సింది అదే.

దక్షిణాన ఆల్తో బొకేతెలో ఎండ బాగా ఉంటుంది, బట్టలు ఆరతాయి. కానీ డిసెంబరు నుంచి మార్చి దాకా ఈదురుగాలి. ఉత్తరాన పాలో ఆల్తో, తూర్పున హరామీయో పైభాగాల్లో వానాకాలం వెళ్ళాక కూడా బహారేకే అనే సన్నటి తుంపర కొండ దాటి వస్తుంటుంది. రోజూ ఇంద్రధనుస్సు కనిపించే చోట్లే తోలు చెప్పులకూ కెమెరా లెన్సులకూ బూజు పడుతుంది. అక్కడ దిగితే గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్‌నూ, దాని కరెంటునూ అద్దెతో కలిపి లెక్కేయండి. కాల్దేరా నది ఒడ్డున ఇల్లు ఎంత అందంగా ఉన్నా వద్దు, 2008 నవంబరులో ఆ నది పొంగింది.

ఇళ్ళు చూడ్డానికి అక్టోబరులో వెళ్ళండి. జోరువానలో కప్పు ఎక్కడ కారుతుందో, బండి ఏ మట్టిరోడ్డు ఎక్కదో అప్పుడే బయటపడతాయి. జనవరిలో పూల, కాఫీ జాతర, గదులు దొరకవు, రాత్రంతా పాటల మోత. కొనడం తర్వాత చూడొచ్చు, ముందు ఒక వానాకాలం అద్దెకుండండి.

పెద్ద వాన పడితే వాగు నీళ్ళు బురదగా మారి కుళాయిలు ఆగిపోతాయి. అందుకే ఇంటికి ట్యాంకు ఉందా అని అడగండి. అది ఎత్తు మీద ఉంటే ఇంకా మంచిది, కరెంటు పోయినా నీళ్ళు వస్తాయి.

కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మన 750 వాట్ల మిక్సీకి కనీసం 1,500 వాట్ల స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ హెర్ట్‌జ్‌ను మార్చదు కాబట్టి, మన 50 హెర్ట్‌జ్ వెట్ గ్రైండర్ మోటారు దానితో కూడా మామూలు కంటే వేగంగా తిరిగి వేడెక్కుతుంది. అమెరికా తెలుగువాళ్ళు కొనే 110 వోల్టుల మోడలే తెచ్చుకోండి. వంటగ్యాసు 25 పౌండ్ల సిలిండర్, సబ్సిడీ వల్ల చవక.

కందులు ఇక్కడివాళ్ళ తిండే. గ్వాందూ పేరుతో పచ్చివీ, ఎండినవీ దొరుకుతాయి. అన్నంలో కొబ్బరిపాలతో వండుతారు. పొట్టు తీసిన కందిపప్పు, మినప్పప్పు కావాలంటే పనామా సిటీలోని భారతీయ దుకాణాల నుంచి తెప్పించుకోవాలి. కర్రపెండలం, అరటికాయ ఊళ్ళోనే కావలసినంత.

రిటైరీలకు ఇచ్చే పెన్షనాదో వీసాకు నెలకు 1,000 డాలర్ల జీవితకాల పెన్షన్ చూపాలి, ఆధారపడ్డ ఒక్కొక్కరికి ఇంకో 250. పీఎఫ్ మొత్తం, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ దీనికి పనికిరావు. పోలీసు క్లియరెన్స్‌కు ఇండియాలోనే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించుకుని బయల్దేరండి.

పెద్దాసుపత్రులు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని దావీద్‌లో ఉన్నాయి. రోడ్డు నాలుగు వరుసలు, పగలు బస్సులు తరచుగా ఉంటాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు కొండపైన కాక, ఆ రోడ్డుకు దగ్గరగా ఆల్తో బొకేతెలో ఇల్లు చూసుకోవడం మంచిది.