బెకెన్‌బవర్ దారా, డెషాంప్స్ దారా?

జాతీయ ఫుట్‌బాల్ జట్టు పగ్గాలు పట్టే మాజీ ఆటగాడికి ఎవరి దారి మేలన్నది గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం మెట్ల మీద బూట్ల లేసులు విప్పుకుంటూ కుర్రాళ్లు తెగనివ్వని వాదన. పశ్చిమ జర్మనీ మాజీ ఆటగాడు బెకెన్‌బవర్, ఫ్రాన్స్ మాజీ ఆటగాడు డెషాంప్స్ ఇద్దరూ కెప్టెన్లుగా ప్రపంచకప్ ఎత్తినవారే (1974, 1998); కోచ్‌లుగానూ గెలిచినవారే (1990, 2018).

బెకెన్‌బవర్ ఏ క్లబ్బుకూ కోచ్‌గా పనిచేయకుండానే, శిక్షకుడి లైసెన్సు సైతం లేకుండా, 1984లో నేరుగా పశ్చిమ జర్మనీ బాధ్యత చేపట్టారు. 1986 ఫైనల్లో అర్జెంటీనా చేతిలో 3-2తో ఓడి, నాలుగేళ్లకు అదే జట్టును 1-0తో ఓడించారు. ఆ పేరుకున్న బరువు వేరు; మరొకరికైతే అంత గడువు దొరికేదా అన్నది అనుమానమే.

నా మొగ్గు డెషాంప్స్ వైపు. మొనాకో క్లబ్బును ఐరోపా క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ 2004 ఫైనల్‌కు చేర్చి పోర్టో చేతిలో 3-0తో ఓడిన ఆయన, కుంభకోణం వల్ల రెండో శ్రేణికి దిగజారిన ఇటలీ క్లబ్బు యువెంటస్‌ను ఒకే సీజన్లో పైకి తెచ్చి, 2010లో మార్సెయ్ క్లబ్బుకు ఫ్రెంచ్ లీగ్ టైటిల్ అందించిన తరువాతే, 2012లో ఫ్రాన్స్ కోచ్ అయ్యారు. క్లబ్బుల్లో ఆటగాళ్లను రోజూ దగ్గరగా చూసి తూచిన అలవాటు అక్కడ అక్కరకొచ్చింది. 2018 ప్రపంచకప్‌లో, గోల్స్ కొట్టడమే ప్రధాన పనైన సెంటర్ ఫార్వర్డ్ జిరూ టోర్నీ మొత్తంలో ఒక్క గోలూ కొట్టలేదు. అయినా డిఫెండర్లను తనవైపు లాక్కొని గ్రీజ్‌మన్, ఎంబాపేలకు ఖాళీ చూపిస్తున్నాడన్న లెక్కతో ఆయన ఫైనల్లోనూ అతన్నే దించారు.