బ్యాండు ‘బెస్ట్ ఆఫ్’ ఎక్కడ ఉంచితే మేలు: యాప్‌లోనా, పెన్‌డ్రైవ్‌లోనా?

ఇష్టమైన బ్యాండు ఆల్బమ్‌లన్నీ వడగట్టి, పదిహేనో పదహారో పాటలు మిగుల్చుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా వరసలో పేర్చడం చాలామందికి చేతనైన పనే. రావులపాలెంలో బస్సెక్కి అమలాపురంలో దిగే లోపు అయిపోయేంత నిడివి, అంటే గంట, గంటా పది నిమిషాలు ఉంటే బాగుంటుందన్నదీ అందరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాతి సంగతే భీమవరం వాళ్ళూ అడుగుతున్నారు, అమలాపురం వాళ్ళూ అడుగుతున్నారు: పేర్చిన వరసని స్పాటిఫై లాంటి యాప్‌లో ప్లేలిస్టుగా వదిలేస్తే చాలా, ఫైళ్ళు కొనుక్కుని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకోవాలా?

తూకం వేసేటప్పుడు ఎక్కువమంది ముందుగా సిగ్నల్ మాట ఎత్తుతారు. కొబ్బరి తోటల్లోకి, లంకల్లోకి వెళ్ళేసరికి నెట్ ఊగిసలాడుతుంది కాబట్టి పెన్‌డ్రైవే మేలంటారు. అది చెల్లిపోయిన వాదన. స్పాటిఫైలో పాటలు దించుకునే వీలున్న, డబ్బు కట్టే ఖాతా ఉంటే ఒక్కో పరికరంలోకి 10,000 పాటల దాకా, మొత్తం 5 పరికరాల్లోకి దించుకోవచ్చు. 30 రోజులకోసారి నెట్‌కి తగిలిస్తే సరి. నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగేదాకా పాట ఆగదు. పైగా వరస పేర్చే దశలో యాప్‌ని మించింది లేదు. ఆరో పాటని రెండో చోటికి జరపాలంటే వేలితో లాగితే చాలు. వేర్వేరు ఆల్బమ్‌ల పాటల్ని అదే ఇంచుమించు ఒకే మట్టానికి తెస్తుంది కాబట్టి వాల్యూమ్ బాధా తక్కువ.

అసలు తేల్చేది సిగ్నల్ కాదు. ఏడాది తర్వాత తెరిచినప్పుడు ఆ పదహారు పాటలూ అదే వరసలో, అదే రికార్డింగులో ఉంటాయా అన్నది. ఇండీ బ్యాండ్ల, అంటే పెద్ద కంపెనీ అండ లేకుండా సొంతంగా పాటలు తెచ్చే బ్యాండ్ల విషయంలో ఈ ప్రశ్న సినిమా పాటలకంటే చాలా బరువైనది.

పెద్ద కంపెనీ అండ లేని బ్యాండు తన పాటల్ని డిస్ట్రోకిడ్ లాంటి పంపిణీ సంస్థ ద్వారా యాప్‌లకి పంపుతుంది. దానికి ఏటా చందా కట్టాలి. బ్యాండు విడిపోయి, ఆ చందా సంగతి ఎవరూ పట్టించుకోకపోతే, ఒక్కసారి అదనపు రుసుము కట్టి శాశ్వతంగా ఉంచమని కోరిన పాటలు తప్ప మిగతావి దిగిపోతాయి. ఎవరి మీదా ఎవరికీ కోపం లేకుండానే పాట మాయమవుతుంది. కొన్నిసార్లు బ్యాండే కావాలని తీసేస్తుంది. ఆస్ట్రేలియా బ్యాండు కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ 2025 జూలైలో స్పాటిఫై నుంచి తప్పుకుంది. మరికొన్నిసార్లు యాప్ మొత్తమే పోతుంది: గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో, రెస్సో, వింక్ 2024లో మూతపడ్డాయి. ఫోనులోకి దించుకున్నాం కదా అనుకోవద్దు. యాప్‌లో దించుకున్న పాట అద్దె ఇల్లు లాంటిది. హక్కు పోయాక ఫోను మళ్ళీ నెట్‌కి తగిలితే తాళం పడుతుంది.

పోయిన పాట పేరు బూడిద రంగులోకి మారుతుంది, సెట్టింగుని బట్టి అసలు కనపడకుండానూ పోవచ్చు. పదహారులో పద్నాలుగే మోగుతున్నా చాలా రోజులు తెలియదు.

వరసకి ఇంకో గండం ఉంది. మన పాటల మధ్యలో యాప్ తన సిఫార్సులు కలిపే స్మార్ట్ షఫుల్ ఆన్‌లో ఉంటే అడక్కుండానే మన విస్తట్లో పొరుగింటి పుల్లకూర వడ్డిస్తుంది. ఆఖరి పాట అయ్యాక ఆటోప్లే ఎవరివో పాటలు అందుకుంటుంది, మీరు జాగ్రత్తగా ఎంచిన ముగింపు అందులో కొట్టుకుపోతుంది. ఈ రెండూ ఆపుకోవచ్చు. యాప్ వాడేవాళ్ళు ముందు ఆ పని చేయండి.

ఇక పెన్‌డ్రైవ్. దీని మొదటి లోపం దాచకుండా చెప్పుకోవాలి: కొన్ని బ్యాండ్లు ఫైళ్ళు అసలు అమ్మవు. అమ్మేవాళ్ళలో ఎక్కువమంది, బ్యాండ్లు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ అనే సైటులో దొరుకుతారు. ఢిల్లీ బ్యాండు పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. అక్కడుంది, కింగ్ గిజర్డ్ కూడా. డిజిటల్ అమ్మకంలో సైటు తీసుకునే వాటా 15 శాతం. ఆ వాటా, చెల్లింపు ఛార్జీలు పోగా మిగిలింది బ్యాండుదే. కొనేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో చూసుకోండి. 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులకి అది మామూలుగా ఆపే ఉంటోంది, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. ఒకసారి కొన్న ఆల్బమ్‌ని ఎంపీ3గానూ, నాణ్యత తగ్గని ఫ్లాక్‌గానూ దించుకోవచ్చు. ఫ్లాక్ ఇంట్లో దాచుకోండి, పెన్‌డ్రైవ్‌కి 320 కేబీపీఎస్ ఎంపీ3 ఎక్కించండి. నిమిషానికి 2.4 ఎంబీ చొప్పున 70 నిమిషాలకి 170 ఎంబీ కూడా దాటదు. ఐట్యూన్స్‌లో కొన్న ఎం4ఏ ఫైళ్ళు చౌక ప్లేయర్లలో మోగకపోవచ్చు.

పెన్‌డ్రైవ్ 32 జీబీ లోపుది తీసుకుని ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేయండి. అంతకన్నా పెద్దవి తరచుగా ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలో వస్తాయి, ఆటోలో బిగించే ప్లేయర్లూ పాత కారు స్టీరియోలూ చాలావరకు దాన్ని చదవలేవు.

అందరూ తల పట్టుకునేది తర్వాతి మెట్టు దగ్గర. ఫైళ్ళకి 01, 02 అని పేరు పెట్టినా ప్లేయరు ఏడోదాన్ని ముందు మోగిస్తుంది. తప్పు పేరుది కాదు. చౌక ప్లేయరు పేర్లని పట్టించుకోదు, పెన్‌డ్రైవ్ పట్టికలో ఏ ఫైలు ముందు రాసి ఉంటే అదే ముందు మోగిస్తుంది. విండోస్‌లో అన్నిటినీ కలిపి ఎంచి లాగితే, మౌస్‌తో పట్టుకున్న ఫైలు ముందు కాపీ కావచ్చు. అందుకని 01ని పట్టుకునే లాగండి, లేదా ఒక్కొక్కటిగా కాపీ చేయండి. అప్పటికే ఎక్కించేసి ఉంటే డ్రైవ్‌సార్ట్ అనే చిన్న ప్రోగ్రాం ఆ పట్టికని పేర్ల వరసలోకి మారుస్తుంది. లినక్స్‌లో ఫ్యాట్‌సార్ట్ ఉంది. ఎం3యూ ప్లేలిస్టు ఫైలు పెట్టి కూర్చుంటే లాభం లేదు, ఈ ప్లేయర్లు దాని మొహం కూడా చూడవు. మ్యాక్ నుంచి కాపీ చేస్తే చుక్క, గీతతో మొదలయ్యే దొంగ ఫైళ్ళు చేరతాయి. పాటకీ పాటకీ మధ్య ప్లేయరు తడబడితే ముందు వాటిని తుడిచేయండి. తెలుగులో పెట్టిన పాటల పేర్లు చౌక ప్లేయరు తెర మీద డబ్బాలుగానో ప్రశ్న గుర్తులుగానో కనపడతాయి. ట్యాగులు, అంటే ఫైలులోపల రాసి ఉండే పాట పేరు లాంటి వివరాలు, ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకోవడమే దారి.

వాల్యూమ్ పని ఇక్కడ మీదే. ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్‌నే తీసుకోండి: 1997 నాటి ‘డెజర్ట్ రెయిన్’ లైవ్ రికార్డింగు, 2000లో వచ్చిన ‘కందిసా’ స్టూడియోలో చేసింది. రెండిట్లోంచీ పాటలు పక్కపక్కన పెడితే ఒక పాటకి మట్టం పెంచాలి, తర్వాతిదానికి ఉలిక్కిపడి తగ్గించాలి. రాత్రి రొయ్యల చెరువు గట్టు మీద, ఏరియేటర్ల హోరులో వినేవాళ్ళకి ఈ తిప్పలు రెట్టింపు. ఎంపీ3గెయిన్ అనే ప్రోగ్రాం దీనికి సరైన మందు. అది ఫైలులోపలి గెయిన్ (శబ్ద స్థాయి) అంకెనే 1.5 డెసిబెల్స్ మెట్లలో మారుస్తుంది, పాటని మళ్ళీ కుదించదు. కాబట్టి నాణ్యత పోదు, ట్యాగులు చదవడం రాని ప్లేయరులోనూ పనిచేస్తుంది. దాని మామూలు లక్ష్యం 89 డెసిబెల్స్. చిన్న స్పీకరుకి అది తక్కువనిపిస్తే 92 పెట్టుకోండి, శబ్దం పగులుతుందనే క్లిప్ హెచ్చరిక ఎర్రగా వస్తే మళ్ళీ దించండి. పాటలు వేర్వేరు ఆల్బమ్‌లవి కాబట్టి ‘ట్రాక్’ పద్ధతి ఎంచాలి, ‘ఆల్బమ్’ కాదు.

లైవ్ పాట చివర చప్పట్లు సగంలో తెగిపోతే చెవికి గుచ్చుకుంటుంది. ఎంపీ3డైరెక్ట్‌కట్ అనే ప్రోగ్రాంలో చివరి రెండు మూడు సెకన్లు మెల్లగా తగ్గించేయండి, అదీ మళ్ళీ కుదించకుండానే చేస్తుంది. ఒకదాంట్లోంచి ఒకటి పారే జంట పాటల్ని విడదీయకండి. రెండిటినీ కలిపి ఒకే ఫైలు చేయకపోతే ఎంపీ3 మొదట్లో, చివర్లో ఉండే చిన్న ఖాళీ వల్ల మధ్యలో వెలితి వినపడుతుంది.

ఇంత చాకిరీ ఎందుకండీ అనే వాళ్ళుంటారు. ఒక్క సాయంత్రం పని. ఆ తర్వాత ఎవరి చందా ఆగినా, ఏ యాప్ మూతపడినా మీ పదహారు పాటలు చెక్కుచెదరవు. మా ఓటు దీనికే. కాకపోతే పెన్‌డ్రైవ్‌కి నూరేళ్ళ ఆయుష్షు లేదు, మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద అసలే లేదు. కంప్యూటర్లో ఒక కాపీ ఉండాల్సిందే.

యూట్యూబ్ ప్లేలిస్టు గురించి రెండు ముక్కలు. తెలుగు బ్యాండ్ల పాటలు కొన్ని వీడియోగా మాత్రమే దొరుకుతాయి, వాటికి అదే గతి. ముందు మాటలూ సీన్లూ పాటతో పాటు వినక తప్పదు. వీడియో తీసేస్తే ‘డిలీటెడ్ వీడియో’ అని మిగులుతుంది, ఏ పాట పోయిందో కూడా చెప్పదు. ఆడియో సీడీలో 80 నిమిషాలు పడతాయి, వరస కదలదు. ప్లేయరు ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు.

ఒకే ఆల్బమ్ ఉన్న బ్యాండుకి ఇదంతా అక్కర్లేదు. కేరళ బ్యాండు అవియల్ 2008 ఆల్బమ్‌లో ఉన్నవే ఎనిమిది పాటలు. ఉన్నది ఉన్నట్టు వినేయండి.

యాప్‌లోనే ఉంటామనేవాళ్ళు కనీసం ఒక పని చేయండి. ఎగ్జిపోర్టిఫై లాంటి సాధనంతో స్పాటిఫై ప్లేలిస్టుని పట్టికలా తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా దించి, మీకే మీరు మెయిల్ చేసుకోండి. పాట పేరు ఒక్కటే చాలదు, ఆల్బమ్ పేరూ సంవత్సరమూ నిడివీ కూడా అందులో ఉన్నాయో లేదో చూడండి. యాప్ మారేటప్పుడు బదిలీ సాధనాలు పేరుని బట్టి వెతుకుతాయి, స్టూడియో పాట చోట లైవ్‌ది తెచ్చి పెడుతుంటాయి. 4:12 ఉండాల్సిన పాట 7:40 చూపిస్తే దొంగ అక్కడే దొరుకుతాడు.