మేడ మీద మాయా ఇళ్లు: మూడు రాత్రుల ప్రొజెక్టరు అద్దె

వేసవి సెలవుల్లో పిల్లలు ఫోను వదలడం లేదన్న ఫిర్యాదు విజయవాడ మొగల్రాజపురంలోని మా అపార్ట్‌మెంటులో ఇంటింటా వినిపిస్తున్న రోజుల్లో, ప్రొజెక్టరు, తెర, స్పీకర్లు తెచ్చి మేడ మీద బిగించి, సినిమా అయ్యాక విప్పుకొని వెళ్లే ఒక అద్దె సేవను మూడు రాత్రులకు కుదుర్చుకున్నాం. రాత్రికి 3,500 రూపాయలు. పద్నాలుగు ఇళ్లవాళ్లం పంచుకున్నాం. సినిమాలు మన చందాలతో మనమే పెట్టుకోవాలి. ఏవి చూడాలో తేల్చుకోలేని మాలాంటివారి కోసం నిర్వాహకుడు కొన్ని జాబితాలు ఇస్తాడు. వాటిలో మాయా ఇళ్లు, వింత ఇరుగుపొరుగు ఉన్న సినిమాల వరుసను ఎంచుకున్నాం. సామగ్రికి నేను వేసే మార్కుల కన్నా ఆ జాబితాకు వేసే మార్కులే ఎక్కువ.

మొదటి రాత్రి 1988 నాటి జపాను యానిమేషన్ చిత్రం ‘మై నైబర్ టొటోరో’ వేశారు. హయావో మియజాకి తీసిన ఈ 86 నిమిషాల సినిమాలో దుష్టపాత్ర అన్నదే లేదు. ఆసుపత్రిలో ఉన్న తల్లికి దగ్గరగా ఉండాలని తండ్రి ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని పల్లెటూరిలోని ఒక పాత ఇంట్లో దిగుతాడు. ఆ ఇంటి మాయ మొదట మసి రూపంలోనే కనబడుతుంది. చాలాకాలంగా మూతబడిన ఇంటి చీకటి మూలల్లో కాపురమున్న నల్లటి మసి ఉండలు, తలుపు తీసి వెలుతురు పడగానే గోడ సందుల్లోకి గుంపుగా పారిపోతాయి. చిన్నపిల్ల మేయి ఒకదాన్ని అరచేతుల మధ్య చటుక్కున పట్టి, పరుగున వచ్చి చేతులు విప్పి చూపిస్తే, అక్కడ మిగిలింది మసి మరకే. ఇంగ్లీషు ఉపశీర్షికలు చదవలేని పిల్లలకు మూడో అంతస్తు మామ్మగారు ఆ ఘట్టాన్ని వివరిస్తూ, “పాడుబడ్డ కొంపలో ఆమాత్రం మసి ఉండదుట్రా, దీపం పెట్టి నలుగురూ నవ్వుతూ తిరిగితే అదే పోతుంది” అన్నారు. సినిమాలోని పొరుగింటి ముసలమ్మ కూడా దాదాపు ఆ మాటే చెబుతుంది; మామ్మగారు ఉపశీర్షికలు చదవలేదని మాత్రం నేను హామీ ఇవ్వగలను.

వాన కురుస్తున్న బస్టాపు ఘట్టం దగ్గర మేడంతా నిశ్శబ్దమైపోయింది. అక్క వీపు మీద చెల్లెలు నిద్రపోతూ ఉంటుంది. పక్కన వచ్చి నిలబడ్డ టొటోరో అనే భారీ అడవి ప్రాణికి అక్క ఒక గొడుగు ఇస్తుంది. గొడుగు మీద పడే చినుకుల చప్పుడుకు అది ఒళ్లంతా పులకరించి, ఇంకా కావాలని ఎగిరి దూకి చెట్ల మీది నీళ్లన్నీ ఒక్కసారిగా రాలేట్టు చేస్తుంది. ఆ చప్పుడు వినబడకపోతే ఘట్టంలో సగం పోయినట్టే. అదిగో, సరిగ్గా అక్కడే కుడివైపు స్పీకరు మూగబోయింది. వచ్చిన కుర్రవాడు వైరును పీకి పెట్టి, పీకి పెట్టి, చివరికి ఎడమ స్పీకరునే మధ్యకు జరిపాడు. ఇది సర్దుబాటే గానీ సేవ కాదు.

రెండో రాత్రి 2021 నాటి డిస్నీ చిత్రం ‘ఎన్‌కాంటో’ పిల్లలకు పండుగైంది. కొలంబియాలోని ఒక ఉమ్మడి కుటుంబం, వాళ్లతో పాటు ఊపిరి పోసుకున్న ఇల్లు. నేల పలకలు టకటకలాడుతూ పలకరిస్తాయి, మెట్లు జారుడుబల్ల అవుతాయి. అందరికీ ఏదో ఒక వరం దక్కి ఒక్క అమ్మాయికి మాత్రం దక్కకపోవడం, ఆ లోటును అందరూ నవ్వుతూనే గుర్తుచేస్తూ ఉండటం ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారికి విడమరచి చెప్పక్కర్లేదు. గోడలు బీటలు వారుతున్న ఘట్టంలో మా అసోసియేషను కార్యదర్శి వైపు నలుగురు ఒకేసారి తిరిగి చూశారు.

మాయా ఇల్లు ఎంత పెద్దదన్నది నాకు ముఖ్యం కాదు. అది ఇంటిపని తెలిసిన ఇల్లు కావాలి, ఎవరు అలిగారో, ఎవరికి ఆకలిగా ఉందో దానికి తెలియాలి. జాబితాలోంచి వేసిన మరో సినిమా, 2004 నాటి ‘హౌల్స్ మూవింగ్ క్యాజిల్’లోని నడిచే కోటలో నాకు గుర్తుండిపోయేది కోట నడక కాదు, పొయ్యిలోని నిప్పు భూతం సణుగుతూనే తన నెత్తిన పెనం పెట్టించుకొని గుడ్లు వేగనివ్వడం. అయితే రెండు గంటల నిడివి, మధ్యలో యుద్ధం గొడవ వల్ల చిన్నవాళ్లు చాపల మీదే నిద్రపోయారు. అదే రాత్రి మొదలుపెట్టి ఆపేసిన ‘మాన్‌స్టర్ హౌస్’ను జాబితాలోంచి తీసేయడం మంచిది. మనుషులను మింగే ఇల్లు ఐదేళ్ల పిల్లలకు తగదు. పైగా సినిమాలో ఎక్కువ భాగం చీకటి, వీధి దీపం వెలుగులో తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ కనబడలేదు.

జాబితాలోని అసలు లోపం మరొకటి. విజయవాడలో మాయా ఇళ్ల సినిమాల వరుస తయారుచేసి అందులో ‘మాయాబజార్’ చేర్చకపోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. మూడో రాత్రికి నేనే పట్టుబట్టి వేయించాను. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాకు 2010లో రంగులద్దారు గానీ, మేము నలుపు తెలుపు ప్రతినే పెట్టుకున్నాం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడలు మా మసక తెర మీద కూడా తేటగా నిలిచాయి. విడిదింట్లో ఘటోత్కచుడి పరివారం పెట్టిన గిల్పం అనే మాయా మంచం, గింబళి అనే మాయా తివాచీ మగపెళ్లివారి శర్మ, శాస్త్రులను ముప్పుతిప్పలు పెడుతుంటే, అంతకుముందు రెండు రాత్రులూ కదలకుండా కూర్చున్న తాతగార్లు కూడా పిల్లలకన్నా గట్టిగా నవ్వారు. విడిది మర్యాదలనే ఆయుధాలుగా మార్చిన ఆ ఇంటి ముందు డిస్నీ ఇల్లు కాస్త అమాయకంగానే తోచింది. శకుని సత్యపీఠం ఎక్కి నిజాలు కక్కేటప్పుడు మామ్మగారికి వివరించే పని తప్పింది, పిల్లలే ఆవిడకు ముందుగా చెప్పేశారు.

ఇక సేవ సంగతి. ఏడు గంటలకు వస్తామన్నవారు తొలిరోజు ఏడూ నలభైకి వచ్చారు. రోహిణి కార్తెలో మా ఊరి మేడలు రాత్రి ఎనిమిదింటికి కూడా కాలుతూనే ఉంటాయి కాబట్టి ముందుగా నీళ్లు చల్లించాలని చెప్పవలసిన బాధ్యత అనుభవమున్న వారిదే, చెప్పలేదు. కృష్ణ వైపు నుంచి గాలి లేచినప్పుడు 120 అంగుళాల తెర ఊగి, టొటోరో పొట్ట ఒకసారి పిట్టగోడ దాటి వెళ్లింది. మరుసటి రాత్రి మాత్రం ఆ కుర్రవాడే ఇసుక మూటలు తెచ్చి కట్టాడు, ఎవరూ అడగకుండానే. మర్యాదలో వంక పెట్టడానికి లేదు.

దసరా సెలవులకు మళ్లీ పిలుస్తామని చెప్పాం. ఈసారి సగమే బయానా. రెండు స్పీకర్లూ మోగాకే మిగతా సగం.