రూ. 11 వేల ఫోనుతో ఓరుగల్లు, రామప్ప, లక్నవరం

కరీంనగర్ నుంచి హనుమకొండకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరినప్పుడు నా జేబులో ఉన్నది కొత్తగా కొన్న, 11 వేల రూపాయల లోపు దొరికే 5జీ ఫోను. వెంట నా శ్రీమతి, బామ్మర్ది వచ్చారు. బామ్మర్ది ఫోను ధర దీనికి మూడింతలు కావడం వల్ల, ఒకే చోట ఒకే వెలుతురులో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. ఈ రోజుల్లో దారి, టికెట్టు, చెల్లింపు, బస అన్నీ ఫోను మీదుగానే నడుస్తున్నాయి కాబట్టి చూసిన చోట్ల గురించి రాసేటప్పుడు దాని సంగతి కూడా చెప్పక తప్పదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చయ్యే 50 మెగాపిక్సెల్, 5జీ అనే మాటలు ఈ ప్రాంతంలో తిరిగేవారికి పెద్దగా అక్కరకు రావు. ఎండలో తెర ఎంతవరకు కనిపిస్తుంది, దిక్సూచి, గైరోస్కోపు (ఫోను కదలికను పసిగట్టేది) సెన్సర్లు లోపల ఉన్నాయా లేవా అన్నవి చూసి కొనుక్కోవాలి. ఈ రెండింటినీ దుకాణంలో ఎవరూ చెప్పరు, మనమూ అడగము.

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో ఒక మధ్యతరగతి లాడ్జిలో దిగాము. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఉదయం పూట మాత్రమే వస్తాయని ముందే చెప్పారు, అది మెచ్చుకోదగిన విషయం. కానీ మంచం దగ్గర ఒక్క ప్లగ్గు కూడా లేదు; ఉన్న ఒకే ఒక్కటి టీవీ వెనక ఉండడంతో ముగ్గురి ఫోన్లు వంతులవారీగా ఛార్జింగు పెట్టుకోవలసి వచ్చింది. ఇక్కడ చవక ఫోనుదే పైచేయి అయింది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి తోడు తెర రిజల్యూషన్ 720పీ మాత్రమే కావడం వల్ల, రోజంతా మ్యాపు, కెమెరా వాడినా రాత్రికి మూడో వంతుకు పైగా మిగిలే ఉండేది. తక్కువ చుక్కల తెర చూడడానికి కాస్త మోటుగా ఉన్నా, ప్రాసెసరుకు, బ్యాటరీకి పని తగ్గించడం దాని సుగుణం. అయితే డబ్బాలో వచ్చిన ఛార్జరు నింపాదిగా పని చేసే రకం కాబట్టి వంతుల్లో నాది చివరికి పెట్టుకుని రాత్రంతా వదిలేయడమే మేలనిపించింది.

సాయంత్రం వేయిస్తంభాల గుడికి వెళ్లాము. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన ఈ త్రికూటాలయంలో శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులు ఉన్నాయి. చాలా ఏళ్లు విప్పి ఉంచిన కల్యాణ మండపాన్ని పునర్నిర్మించి 2024 మహాశివరాత్రికి తెరిచారు కాబట్టి, ఇంతకు ముందు వచ్చి వెళ్లినవారు కూడా మళ్లీ ఒకసారి చూడవచ్చు. నల్లరాతి నంది నునుపుదనం మీద సంధ్య వెలుతురు పడుతుంటే రెండు ఫోన్లతోనూ తీశాము. తెర మీద చూస్తే తేడా పెద్దగా తెలియలేదు. పెద్దది చేసి చూస్తే మాత్రం నా ఫొటోలో నంది మెడలోని గంటల పట్టెడ గీతలన్నీ కలిసిపోయి పూత పూసినట్టయింది. 50 మెగాపిక్సెల్ అని చెప్పుకొనే ఈ సెన్సరు నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల బొమ్మనే ఇస్తుంది. వెలుతురు చాలనప్పుడు మచ్చలు కనబడకుండా సాఫ్ట్‌వేరు నునుపు చేస్తుంది, ఆ నునుపులో చెక్కడం కూడా కొట్టుకుపోతుంది. పక్కనున్న రెండో కెమెరా 2 మెగాపిక్సెళ్లది. దానిని వేలితో మూసి తీసినా బొమ్మలో మార్పేమీ కనిపించలేదంటే అది ఎందుకుందో పాఠకులే ఊహించవచ్చు.

మరునాడు పొద్దున ఓరుగల్లు కోటకు ఆటోలో వెళ్లాము. టికెట్టు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కట్టడం చవక ఫోనులోనూ చిటికెలో అయిపోయింది. కష్టమంతా లోపలికి వెళ్లాక మొదలైంది. స్వయంభూ శివాలయం శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నిలబడిన కీర్తి తోరణాలు ఒకే తీరుగా ఉంటాయి; తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. ఏ తోరణం ఏ దిక్కున ఉందో, ఖుష్ మహల్‌కు ఎటు వెళ్లాలో తెలుసుకుందామని మ్యాపు తెరిస్తే, నేనున్న చోటు నీలి చుక్కగా కనిపించింది గానీ నేను ఎటు తిరిగి ఉన్నానో చూపించే గుర్తు లేదు. అది చూపించాలంటే ఫోనులో దిక్సూచిగా పనిచేసే అయస్కాంత సెన్సరు ఉండాలి. నా ఫోనులో అది లేదు. పది అడుగులు నడిస్తే చుక్క ఎటు జరుగుతుందో చూసి దిక్కు పోల్చుకోవలసిందే. దానికి తోడు పది గంటల ఎండకే ఎల్‌సీడీ తెర వెలవెలబోయి, చున్నీ నీడ పట్టుకుని చూస్తే తప్ప ఏమీ కనిపించలేదు. “బావా, నీ ఫోను నీడపట్టున పెరిగిందేమో!” అని బామ్మర్ది వేళాకోళమాడాడు. అయినా తోరణాల ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి, ఎండ ఉన్నంతసేపు ఈ కెమెరాకు వంక పెట్టనక్కరలేదు. కోట ప్రాంగణంలో చెట్ల నీడ తక్కువ. వేసవిలో వెళ్లేవారు ఎనిమిదింటికల్లా చేరుకుంటే మంచిది.

మధ్యాహ్నం సర్వపిండి తిని ములుగు దారి పట్టాము. రామప్పకు నేరుగా వెళ్లే బస్సులు తక్కువ కాబట్టి కారు మాట్లాడుకున్నాము. బేరం ముందే తేల్చుకుని, ఆగే చోట్లన్నీ చెప్పుకోవడం వల్ల పేచీ రాలేదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. బయట ఎర్ర ఇసుకరాయి గోడలు, లోపల అద్దంలా నిగనిగలాడే నల్లరాతి స్తంభాలు, చూరు కింద వంగి నిలబడిన మదనికలు (నాట్యభంగిమల్లోని స్త్రీ శిల్పాలు), నాగిని. కెమెరాకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. ఆకాశం వైపు ఎత్తి మదనికను తీస్తే ఆకాశం తెల్లగా మాడిపోవడమో, బొమ్మ నల్లని నీడగా మారిపోవడమో జరిగేది. తెర మీద మదనిక ముఖాన్ని వేలితో తాకి, వెలుతురు మీటను కొద్దిగా దించితే ఫలితం మెరుగైంది. లోపలి రంగమండపం కప్పు కోసం నైట్ మోడ్ పెట్టి, మోచేతులు ఛాతీకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీసిన వాటిలో కొన్ని నిజంగా బాగున్నాయి. నాకు మాత్రం అక్కడ ఫోను జేబులో పెట్టి స్తంభాల మీది సన్నని చెక్కడాన్ని కళ్లతో చూస్తూ గడిపిన సమయమే ఎక్కువ నచ్చింది. ఓరుగల్లు యాత్రలో ఒక్క చోటికే సమయముంటే నేను రామప్పనే చెబుతాను.

లక్నవరం సంగతి వేరు. చెరువు, దీవులు, వేలాడే వంతెన, చుట్టూ అడవి, అన్నీ కంటికి ఇంపుగా ఉన్నాయి గానీ సెలవు రోజు జనం మధ్య ఆ ప్రశాంతత దొరకదు. దీవిలోని పర్యాటక సంస్థ కాటేజీలలో ఉండాలనుకునేవారు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుని వెళ్లాలి. చల్వాయి దగ్గర ప్రధాన రహదారి వదిలి లోపలికి వెళ్లేకొద్దీ సిగ్నల్ సన్నగిల్లింది. 5జీ మాట దేవుడెరుగు, 4జీ కూడా వచ్చిపోతూ ఉంది. పైగా ఈ ధరలోని కొన్ని 5జీ ఫోన్లు 4జీ ఆసరా లేకుండా నడిచే స్టాండలోన్ పద్ధతి 5జీని మాత్రమే అందుకుంటాయి, కొనేముందు మన సిమ్ముకు అది సరిపోతుందో లేదో అడగాలి. మ్యాపును లాడ్జి వైఫైలోనే దించుకుని ఉంచినందువల్ల దారి తప్పలేదు. జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కరలేదు, ఉపగ్రహాలను మొదటిసారి పట్టుకోవడం మాత్రం కాస్త ఆలస్యమవుతుంది. వంతెన దగ్గరి చాయ్ దుకాణంలో యూపీఐ చక్రం తిరుగుతూనే ఉండిపోతే నా శ్రీమతి పర్సులోని చిల్లరే గట్టెక్కించింది.

వంతెన మీద నడుస్తూ వీడియో తీద్దామన్నప్పుడు గైరోస్కోపు లేని లోటు బయటపడింది. ఊపును పసిగట్టే ఆ సెన్సరు లేకపోతే వీడియో కుదుపులను సాఫ్ట్‌వేరు సరిచేయడం కష్టం, అందువల్ల వంతెన ఊగుడుకు నా నడక ఊగుడు తోడై చూసేవారికి తల తిరిగేలా వచ్చింది. నిలబడి తీస్తే ఫరవాలేదు. తిరుగుదారిలో చల్వాయి దాటాక ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులోకి రామప్ప ఫొటోలు నావి, వంతెన వీడియో బామ్మర్దిది వెళ్లాయి.