కొండ కింద ఒక ఆదివారం: తిరుపతిలో చెట్ల మధ్య వనభోజనం

కార్తీకంలో అమ్మను తీసుకుని తిరుమల వెళ్లొచ్చాం. దర్శనమయ్యాక నేరుగా నెల్లూరు బస్సెక్కుదామనుకుంటే, తిరుపతిలో ఉంటున్న మా పిన్ని కొడుకు ఊరుకోలేదు. "అక్కా, కొండ మీద దర్శనం అయింది గదా, రేపు కొండ కింద దర్శనం చేయిస్తా, ఒక్క రోజు ఉండండి" అన్నాడు.

ఉండటానికి బస్టాండు దగ్గర ఒక లాడ్జి దొరికింది. "24 గంటలూ వేడినీళ్లు" అని బోర్డు ఉంది గానీ, ఆరున్నర దాటాక చన్నీళ్లే. అడిగితే కౌంటర్లో అబ్బాయి "పొద్దున్నే లేవాల్సింది మేడం" అన్నాడు. గది శుభ్రంగానే ఉంది, మంచం కిర్రుమంటుంది. ఒక్క రాత్రికి సరిపోతుంది, రెండో రాత్రికైతే వద్దు.

సాయంత్రం రెండు చోట్లు చూశాం. కపిలతీర్థంలో వానలకు జలపాతం బాగా దూకుతోంది. కానీ కార్తీక దీపాల రద్దీలో నీళ్ల కంటే తలలే ఎక్కువ కనిపించాయి. అలిపిరి–చెర్లోపల్లి రోడ్డులో అటవీశాఖ పెంచిన దివ్యారామం నడకకు హాయిగా ఉంది, అమ్మ మోకాళ్లకూ ఇబ్బంది కాలేదు. జూపార్కు మాత్రం వదిలేశాం. 1987లో మొదలైన ఆ జూ 5,500 ఎకరాల పైమాటే, పూట తీరిక లేనివాళ్లు వెళ్లి ప్రయోజనం లేదు.

తమ్ముడు తీసుకెళ్లింది వీటిలో దేనికీ కాదు. ఊరి అంచున, కొండకు ఆనుకుని, చుట్టుపక్కల కాలనీలవాళ్లు చూసుకునే చిన్న తోపు. పేరు చెప్పను, చెబితే వచ్చే కార్తీకానికి బస్సులు దిగుతాయి. చిరుతల భయం వల్ల తెల్లవారాకే గేటు తీస్తారు. 2023లో అలిపిరి మెట్లదారిలో చిన్నపిల్లను చిరుత పొట్టన పెట్టుకున్నప్పటి నుంచి ఎవరూ ఆ జాగ్రత్తను చాదస్తం అనడం లేదు.

అక్కడ వనభోజనానికి ఒక షరతు ఉంది: రెండు గంటలు పని చేశాకే విస్తరి. పనల్లా పులికంప పీకడమే. మనం లాంటానా అనో, తలంబ్రాల చెట్టు అనో అంటామే, అది. 1800ల మొదట్లో కలకత్తా తోటలోకి అందం కోసం తెచ్చిన మొక్క దేశమంతా అడవుల్లో పాకిపోయింది. పండ్లు పిగిలిపిట్టలు తిని కొండ మీద రెట్టలేస్తాయి, అక్కడ మళ్లీ మొలుస్తుంది. పైన ఉన్నదేమో ఎర్రచందనం, కొండ సాంబ్రాణి లాంటివి పెరిగే శేషాచలం అడవి. 2010లో దాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే చెట్టూ చేమా జీవాలన్నిటినీ కలిపి కాపాడాల్సిన ప్రాంతంగా, ప్రకటించారు. అందుకే ఊరి చివర పొదను వదిలితే నష్టం కొండకి.

నేను కొడవలి తీసుకుని కొమ్మలు నరకబోతే, తోపు చూసుకునే పెద్దాయన ఆపాడు. "అట్టా నరికితే ఒకటికి నాలుగు చిగురిస్తాదమ్మా." మట్టి తోడి, నేలకి రెండంగుళాల లోతున వేరు తెంపి, మొక్కను తలకిందులుగా పెట్టమన్నాడు, మళ్లీ వేరూనకుండా. వాన పడ్డ నేల కాబట్టి పని సులువైంది గానీ, ముళ్లకి చేతులు గీరుకుపోయాయి. గ్లౌజులు పట్టుకెళ్లండి.

ఉత్సాహంలో నేనొక చిన్న మొక్కను కూడా పీకేశాను. ఆకు తుంచితే తెల్లటి పాలు కారాయి. పెద్దాయన ముఖం మాడిపోయింది. అది అంకుడు, ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర. మారు మాట్లాడకుండా గుంత తవ్వి తిరిగి నాటాడు. బతుకుతుందో లేదో. తర్వాత నా పక్కన ఒక ఎనిమిదో తరగతి పిల్లను కాపలా పెట్టారు, నేను దేని మీద చెయ్యి వేసినా "ఆంటీ, ఆగండి" అంటుంది.

ఆ పిల్లే ఎర్రచందనం చెట్టు చూపించింది. మొసలి చర్మంలా పగుళ్లు బారిన నల్లని బెరడు, మూడేసి ఆకులు. ఎరుపు ఎక్కడుందని అమ్మ అడిగింది. లోపల చేవలో ఉంటుందట, అది పట్టడానికి ఏళ్లూ పూళ్లూ కావాలట.

భోజనం ఉసిరిచెట్టు కింద. చిత్రాన్నం, అలచందల వడలు, సంగటి, చెనక్కాయల ఊరిబిండి. విస్తరాకులే, ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటి లేదు, ఎవరి చెంబు వాళ్లదే. ఊరిబిండి కోసమైనా మళ్లీ వెళ్తాను. లోపమూ చెప్పాలి: ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, కిలోమీటరు వెనక్కి పెట్రోలు బంకుకి పోవాల్సి వచ్చింది. పైగా మధ్యాహ్నం గోడ అవతల ఎవరో సౌండు బాక్సులు పెట్టేసరికి పిట్టలన్నీ లేచిపోయాయి. మావాళ్లు వెళ్లి బతిమాలితే సగం తగ్గించారు.

పని జరుగుతున్నంతసేపూ అమ్మ ఒక రాతి మీద కూర్చుని పీకి పారేసిన పొదలనే చూస్తూ ఉంది. బస్సు నాయుడుపేట దాటాక మెల్లగా అంది: "మన పెరట్లో గులాబీ రంగు, పసుపు కలిసి పూసేది అదే కదే?"

అదే. పదేళ్లుగా ఆవిడే నీళ్లు పోస్తోంది.

"పీకేద్దామా?" అన్నాను.

"సంక్రాంతి కానీ. గొబ్బెమ్మలకి పూలు కావాలి" అంది.