పరాయి ఊరిలో ఒక్క రౌండు: పేరున్న గోల్ఫ్ కోర్సా, దాని పక్క కోర్సా?

పని మీదో, విహారానికో, బంధువులను చూడడానికో వేరే ఊరు వెళ్లినప్పుడు గోల్ఫ్ ఆడేవారికి సాధారణంగా చిక్కేది ఒక్క పూట. ఆ పూటను ఎక్కడ గడపాలా అని ఆలోచించేటప్పుడు చాలామంది ముందుగా చూసేది ఆ ప్రాంతంలో అన్నింటికంటే పేరున్న కోర్సు వైపే. టీవీలో చూసిన హోల్‌లో, అంటే బంతిని మొదట కొట్టే చోటైన టీ నుంచి అది చేరాల్సిన గుంట వరకు ఉండే కోర్సు భాగంలో, తామూ ఒక షాట్ కొట్టాలన్న కోరిక సహజమైనదే. అయినా నా ఉద్దేశంలో, ఒక్క పూట మాత్రమే ఉన్నవారికి చాలా సందర్భాల్లో మేలైనది ఆ పేరున్న కోర్సుకు ఆనుకొని, తరచుగా అదే ఆవరణలో, అదే యాజమాన్యం నడిపే రెండో కోర్సు. అలాంటిది లేని ఊళ్లో నగరపాలక సంస్థ నడిపే మామూలు కోర్సు. ఈ మాట చెల్లని సందర్భాలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని వచ్చిన చోటే చెబుతాను.

పేరున్న కోర్సుతో మొదటి చిక్కు ప్రవేశం దగ్గరే ఎదురవుతుంది. మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా నేషనల్ వంటి క్లబ్బుల్లో సభ్యుల ఆహ్వానం లేకుండా బయటివారు ఆడలేరు కనుక వాటిని లెక్కలోంచి తీసేయవచ్చు. అందరికీ తెరిచి ఉన్న మహా కోర్సులు లేకపోలేదు గానీ, తెరిచి ఉండడం వేరు, మనం వెళ్లిన రోజున చోటు దొరకడం వేరు. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు ప్రజలందరిదీ. అయితే ముందుగా బుక్ చేసుకోని సందర్శకులు బ్యాలెట్ మీద, అంటే ఒక రకమైన లాటరీ మీద ఆధారపడాలి. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందే పేర్లు ఇవ్వాలి. పేరు రాకపోతే మర్నాటి కోసం మళ్లీ ఇవ్వాలి. ఆదివారాల్లో సాధారణంగా అక్కడ ఆట ఉండదు, ఊరి జనం ఫెయిర్‌వేల మీద, అంటే హోళ్ల పొడవునా పొట్టిగా కత్తిరించిన గడ్డి దారుల మీద షికారు చేస్తారు. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో కూడా ఎవరైనా ఆడవచ్చు, కానీ ఆ రిసార్టులో బస చేసినవారికే బుకింగులో ముందు వరుస. వారం రోజులు చేతిలో ఉన్నవారు ఇలాంటి ఏర్పాట్లకు తలవంచవచ్చు. సోమవారం మధ్యాహ్నం దిగి మంగళవారం సాయంత్రం బయలుదేరేవారు అదృష్టాన్ని నమ్ముకుని కూర్చుంటే ఆ పూట కాస్తా హోటల్ గదిలో గడిచిపోతుంది.

పక్క కోర్సు బలం ఇక్కడే తెలుస్తుంది. సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్సును నడిపే ట్రస్టు చేతిలోనే మొత్తం ఏడు కోర్సులు ఉన్నాయి. వాటిలో న్యూ కోర్సును 1895లో ఆ కాలపు ప్రసిద్ధ గోల్ఫర్ ఓల్డ్ టామ్ మోరిస్ రూపొందించాడు. అది ఓల్డ్ కోర్సు పక్కనే, అదే ఇసుక నేల మీద, అదే సముద్రపు గాలికి ఎదురుగా ఉంది. లింక్స్ గోల్ఫ్, అంటే సముద్రతీరపు ఇసుక నేల మీది ఆట, ఎలా ఉంటుందో తెలుసుకోవాలని వెళ్లినవారికి కావలసినవన్నీ, అంటే గట్టి నేల మీద దొర్లుతూ పోయే బంతి, మనిషిని లోపల దాచేసేంత లోతైన బంకర్లు (ఇసుక గుంటలు), గాలిని బట్టి ఒక్కసారిగా రెండు మూడు క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) తేడా పెట్టే దూరాలు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. దొరకనిది ఓల్డ్ కోర్సులోని ప్రసిద్ధ స్విల్కన్ వంతెన మీద ఫొటో మాత్రమే, ఆదివారం వెళ్లి నిలబడితే అదీ దొరుకుతుంది. న్యూయార్క్ రాష్ట్రం నడిపే బెత్‌పేజ్ పార్కులో ఐదు కోర్సులు ఉన్నాయి. 2002, 2009 యూఎస్ ఓపెన్ టోర్నమెంట్లు జరిగిన బ్లాక్ కోర్సు పేరే అందరి నోటా వినిపిస్తుంది గానీ, మిగతా నాలుగింటికీ అదే కారు పార్కింగు, అదే క్లబ్ హౌసు. శాన్ డియేగో నగరానికి చెందిన టోరీ పైన్స్‌లో 2008, 2021 యూఎస్ ఓపెన్‌లకు వేదికైన సౌత్ కోర్సు పక్కనే నార్త్ కోర్సు ఉంది. రెండూ పసిఫిక్ మహాసముద్రం అంచున కొండ మీదివే.

ఇక కష్టం సంగతి. దీనిని ఫొటోలూ పొగడ్తలూ తేల్చలేవు. స్కోర్ కార్డు మీద ఉండే రెండు అంకెలు చాలావరకు తేలుస్తాయి. కోర్స్ రేటింగ్ అనేది స్క్రాచ్ ఆటగాడు, అంటే హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట) సున్నా ఉన్నవాడు, మామూలు పరిస్థితుల్లో ఎంత స్కోరు చేస్తాడో చెప్పే అంచనా. స్లోప్ రేటింగ్ చెప్పేది అంతకంటే మనకు ఉపయోగపడే విషయం: స్క్రాచ్ ఆటగాడితో పోలిస్తే సుమారు 20 హ్యాండిక్యాప్ ఉన్న మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఎంత ఎక్కువ కష్టమో. ఇది 55 నుంచి 155 వరకు ఉంటుంది, 113ను ప్రామాణికంగా తీసుకుంటారు. 2020లో అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం ప్రకారం మన హ్యాండిక్యాప్ ఇండెక్సును స్లోప్‌తో గుణించి 113తో భాగిస్తారు, ఆపైన కోర్స్ రేటింగ్‌కూ పార్‌కూ (కోర్సుకు నిర్ణయించిన ప్రామాణిక షాట్ల సంఖ్యకూ) ఉన్న తేడాను కలుపుతారు. ఆ తేడాను పక్కన పెడితే, ఇండెక్సు 20 ఉన్నవారికి స్లోప్ 113 ఉన్న చోట 20 స్ట్రోకులు (షాట్లు), 140 ఉన్న చోట దాదాపు 25 స్ట్రోకులు మినహాయింపుగా లభిస్తాయి. అంటే ఆ కోర్సు మన దగ్గర అదనంగా ఐదు స్ట్రోకులు గుంజుతుందని ముందే ఒప్పుకున్నట్టు. కోర్స్ రేటింగ్ రెండు చోట్లా 71 అయినప్పటికీ, ఒకచోట స్లోప్ 120, మరోచోట 138 ఉంటే, మంచి ఆటగాడికి రెండూ దాదాపు ఒకటే. మామూలు ఆటగాడికి మాత్రం రెండో చోట బంతులు వెతుక్కోవడంతోనే పొద్దు గడుస్తుంది.

బెత్‌పేజ్ బ్లాక్ మొదటి టీ దగ్గర, ఇది అత్యంత కఠినమైన కోర్సనీ, మంచి నైపుణ్యం ఉన్నవారికే దీనిని సిఫారసు చేస్తున్నామనీ హెచ్చరిక బోర్డు పెట్టి ఉంటుంది. దానికి తోడు అక్కడ కార్టులు ఉండవు, నడవాల్సిందే. చాలామంది ఆ బోర్డు పక్కన నవ్వుతూ ఫొటో దిగి ముందుకు సాగుతారు. బోర్డు రాసినవారు మాత్రం నవ్వులాటకు రాయలేదు. అద్దె క్లబ్బులతో, కొత్త నేల మీద, ప్రయాణపు అలసటతో ఆడేవారు తమ హ్యాండిక్యాప్‌కు తగిన స్కోరును ఎలాగూ అందుకోలేరు. వాటి మీద స్లోప్ భారం కూడా పడితే ఆట ఆనందం కాస్తా కొడిగడుతుంది. అయితే పేరున్న ప్రతి కోర్సూ ఇంత క్రూరంగా ఉంటుందని అనుకోకూడదు. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఫెయిర్‌వేలు ఎంత వెడల్పుగా ఉంటాయంటే, ఎడమ వైపు కొట్టుకుంటూ పోయే మామూలు ఆటగాడు కూడా ఒకే బంతితో రౌండు ముగించగలడు. అక్కడ కష్టమంతా చోటు దొరకడంలోనే ఉంది.

ఏ కోర్సును ఎంచుకున్నా, ప్రతి హోల్‌కూ వేర్వేరు దూరాల్లో ఉండే టీలలో ఏ టీ నుంచి ఆడుతున్నామన్నది కోర్సు ఎంపికకు తక్కువదేమీ కాదు. యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం), పీజీఏ ఆఫ్ అమెరికా (వృత్తి గోల్ఫర్ల సంఘం) కలిసి 2011లో ప్రచారంలోకి తెచ్చిన సూచన ప్రకారం, డ్రైవర్‌తో (అన్నింటికంటే దూరం కొట్టే క్లబ్బుతో) సగటున 200 గజాలు కొట్టేవారికి 18 హోళ్ల మొత్తం పొడవు 5,200 నుంచి 5,400 గజాల మధ్య ఉండాలి. 225 గజాలు కొట్టేవారికి 5,800 నుంచి 6,000 వరకు సరిపోతుంది. పెద్ద టోర్నమెంట్లు జరిగే కోర్సుల్లో ముందు టీలు (గుంటకు దగ్గరగా ఉండేవి) కూడా కొన్నిసార్లు ఈ కొలతకు మించి ఉంటాయి. వెళ్లేముందే కోర్సు వెబ్‌సైటులో స్కోర్ కార్డు చూసి, మన కొలతకు దగ్గరగా ఉన్న టీ ఏదీ లేకపోతే ఆ కోర్సును వదులుకోవడమే మంచిది.

రిసార్టు కోర్సుల గురించి నాకు అంత ఉత్సాహం లేదు, అయినా న్యాయంగా చెప్పాలంటే వాటికి ఒక సందర్భం ఉంది. కుటుంబంలో మిగతావారు ఆడనివారైతే, వారిని ఈత కొలను దగ్గర వదిలి మొదటి టీ దగ్గరకు నడిచి వెళ్లగలగడం చిన్న సౌకర్యం కాదు. కానీ ఒక హోల్ గ్రీనుకూ (గుంట ఉండే నున్నని గడ్డి చోటుకూ) తర్వాతి హోల్ టీకీ మధ్య ఇళ్లో హోటల్ గదులో కట్టడం వల్ల ఇలాంటి చాలా కోర్సుల్లో కార్టు తప్పనిసరి అవుతుంది. సెలవుల్లో అప్పుడప్పుడు ఆడేవారు ఎక్కువ కావడంతో ఆట కూడా నత్తనడక నడుస్తుంది. నలుగురి బృందానికి మామూలుగా నాలుగున్నర గంటలు పట్టే రౌండు ఐదు గంటలు దాటడం అక్కడ వింతేమీ కాదు.

ప్రైవేటు క్లబ్బుల సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో అవి బయటివారికి దాదాపు మూసి ఉంటాయి. సొంత ఊరి క్లబ్బుకు అక్కడి క్లబ్బుతో పరస్పర ఒప్పందం ఉంటేనో, సభ్యులెవరైనా తీసుకువెళితేనో తప్ప ప్రవేశం ఉండదు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో మాత్రం చాలా ప్రైవేటు క్లబ్బులు వారంలో కొన్ని రోజుల్లో సందర్శకులను ఆహ్వానిస్తాయి. ముందుగా రాసి అడిగి, హ్యాండిక్యాప్ ధ్రువపత్రం దగ్గర ఉంచుకుని, కాలరున్న చొక్కా వంటి దుస్తుల నియమాలు పాటించేవారికి అక్కడ మంచి ఆదరణ దొరుకుతుంది. ఆ దేశాలకు వెళ్లేవారు ఈ దారిని తప్పక పరిశీలించాలి, ఎందుకంటే పేరు అంతగా వినిపించని పాత క్లబ్బు కోర్సులే అక్కడ ఎన్నో ఉన్నాయి.

పక్క కోర్సు అనదగ్గది ఏదీ లేని ఊళ్లో నా ఓటు నగరపాలక కోర్సుకే. ఒంటరిగా వెళ్లినవారికి ఇది మరింత అనుకూలం. ముగ్గురి బృందంలో నాలుగోవారిగా చేర్చుకోవడం అక్కడ రోజువారీ వ్యవహారం కాబట్టి, ముందస్తు బుకింగ్ లేకుండా వెళ్లినా తరచుగా చోటు దొరుకుతుంది. ఆ ముగ్గురూ అక్కడి గ్రీన్లు ఎటు వాలుతాయో, ఏ హోల్‌లో కనిపించని నీటి గుంట ఉందో తెలిసినవారై ఉంటారు. క్యాడీ (బ్యాగు మోస్తూ సలహాలిచ్చే సహాయకుడు) లేని లోటు చాలావరకు తీరుతుంది. నష్టాలు కూడా ఉన్నాయి. గ్రీన్లు నెమ్మదిగా ఉండవచ్చు, బంకర్లలో ఇసుక పలచబడి ఉండవచ్చు, వారాంతాల్లో రద్దీ ఉంటుంది. వారం మధ్యలో, ఉదయపు మొదటి గంటలో వెళ్లగలిగితే కనీసం ఈ చివరి నష్టం పోతుంది.

నేల స్థితి విషయంలో ఒక జాగ్రత్త అన్ని రకాల కోర్సులకూ వర్తిస్తుంది. గ్రీన్ల కింద మట్టి గట్టిపడకుండా ఏడాదిలో ఒకటి రెండు సార్లు వాటికి చిన్న చిన్న రంధ్రాలు చేసి, ఇసుక నింపుతారు. దీనినే ఏరేషన్ అంటారు. ఆ రంధ్రాలు పూడి గ్రీను మళ్లీ నునుపు తేలడానికి రెండు వారాలో, వాతావరణాన్ని బట్టి అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ రోజుల్లో ఎంత గొప్ప కోర్సులోనైనా పట్ కొట్టిన (గ్రీను మీద గుంట వైపు దొర్లించిన) బంతి గెంతుతూనే పోతుంది. వెచ్చని ప్రాంతాల్లో బెర్ముడా గడ్డి చలికాలంలో గోధుమ రంగుకు తిరుగుతుంది కనుక, శరదృతువులో దానిపై రై గడ్డి విత్తనాలు చల్లుతారు. ఆ సమయంలో కొన్ని కోర్సులు మూసేస్తారు, మరికొన్నింటిలో కార్టును దారి దాటి లోపలికి రానివ్వరు. బుక్ చేసే ముందు ప్రో షాపుకు (కోర్సులోని దుకాణానికి) ఫోన్ చేసి ఏరేషన్ ఎప్పుడు జరిగిందో, ఎప్పుడు జరగబోతోందో అడిగితే వారు దాచకుండా చెబుతారు. మనం అడగకపోతే వారంతట వారు చెబుతారన్న నమ్మకం పెట్టుకోకూడదు.

క్లబ్బులు అద్దెకు తీసుకునేవారు అదే ఫోనులో ఇంకో ప్రశ్న కూడా అడగాలి. పేరున్న కోర్సుల్లోనూ రిసార్టుల్లోనూ కొత్త అద్దె సెట్లు దొరుకుతాయి. నగరపాలక కోర్సుల్లో పాతవి, కొన్నిచోట్ల అసలు ఉండవు. ఎడమచేతి వాటం వారికీ, మహిళలకూ సరిపడే సెట్లు ఎక్కడైనా తక్కువే. సొంత క్లబ్బులు మోసుకెళ్లడం కుదరని ప్రయాణంలో ఈ ఒక్క కారణంతో మామూలు కోర్సు వెనకబడిపోవచ్చు. బూట్లు, గ్లవ్, కొన్ని బంతులు మాత్రం సొంతవి ఉంచుకోవడం మంచిది.

తొమ్మిది హోళ్ల కోర్సులను చిన్నచూపు చూసే అలవాటు చాలామందిలో ఉంది. 1874 నుంచి 1889 వరకు ఆరుసార్లు ది ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్) టోర్నమెంట్ జరిగిన స్కాట్లాండ్‌లోని మసెల్‌బరో ఓల్డ్ లింక్స్ తొమ్మిది హోళ్లదే, ఇప్పటికీ అక్కడ ఆడవచ్చు. హ్యాండిక్యాప్ పరంగా కూడా నష్టం లేదు. ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో 2024లో వచ్చిన మార్పుల తర్వాత తొమ్మిది హోళ్ల స్కోరును, మిగతా తొమ్మిదింటికి ఆ ఆటగాడి నుంచి ఆశించదగ్గ స్కోరుతో కలిపి, వెంటనే లెక్కలోకి తీసుకుంటున్నారు. విమానం దిగిన సాయంత్రం ఇలాంటి కోర్సుకు వెళ్లడం ఉత్తమం. సూర్యాస్తమయానికి నాలుగున్నర గంటల కంటే తక్కువ సమయం ఉన్నప్పుడు తగ్గింపు ధరకు ఆశపడి పద్దెనిమిది హోళ్ల కోర్సులో సాయంత్రపు టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) తీసుకుంటే చివరి హోళ్లు చీకట్లో వదిలేసి రావాల్సి వస్తుంది. తొమ్మిది హోళ్లకు రెండుంబావు గంటలు చాలు.

రెండు రోజులు ఉన్నవారి విషయంలో మాత్రం నా తీర్పు మారుతుంది. అప్పుడు పేరున్న కోర్సును వదులుకోనక్కరలేదు. మొదటి రోజు పక్క కోర్సులో ఆడి, అక్కడి గడ్డి మీద బంతి ఎలా దొర్లుతుందో, గ్రీన్లు ఎంత వేగంగా ఉన్నాయో, గాలి ఎన్ని గజాలు మింగుతుందో చేతికి అలవాటు చేసుకుని, రెండో రోజు పేరున్న దానికి టీ టైమ్ పెట్టుకోవాలి. బ్యాలెట్ ఉన్న చోట రెండు రోజులకూ పేర్లు ఇచ్చి, పక్క కోర్సులో మాత్రం ముందుగానే చోటు ఖాయం చేసుకుని ఉంచుకోవాలి. లాటరీలో పేరు వస్తే ఆ పక్క కోర్సు బుకింగును రద్దు చేసుకునే గడువు ఎంతో బుకింగు సమయంలోనే అడిగి తెలుసుకోవాలి.