బొమ్మలకి కొదవ లేదు, చెప్పేవాళ్ళకే కరువు

ఈసారి మ్యూజియంలు, ఆర్ట్ గ్యాలరీలు తప్ప ఇంకేమీ పెట్టుకోకుండా తిరుగుదామని నేనూ మా అక్కా హైదరాబాద్‌లో మొదలుపెట్టి విజయవాడ, అమరావతి, రాజమండ్రి చూసుకుని చివరికి చెన్నైలో తేలాం. ఇదే దారిలో వెళ్దామనుకునేవాళ్ళకి ఎక్కడ ఎంతసేపు ఉండాలో, ఎక్కడ రాత్రి బస అనవసరమో తెలుస్తుందని రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తే, రాజమండ్రికి ఎక్కువ టైమ్ ఇవ్వండి, హైదరాబాద్‌లో అన్నీ చూసేయాలన్న ఆశ వదులుకోండి, అమరావతి వెళ్ళేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు చెన్నై కూడా వెళ్ళండి, లేకపోతే చూసింది సగమే అవుతుంది.

ప్లాన్ వేసేటప్పుడు మొదట చూసుకోవాల్సింది శుక్రవారం. సాలార్‌జంగ్‌కీ, అమరావతిలో కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళ మ్యూజియంకీ, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకీ శుక్రవారమే సెలవు. అందరూ సోమవారం సెలవనుకుంటారు, ఆదివారం రద్దీకి భయపడి శుక్రవారం పెట్టుకుంటారు, గేటు దగ్గర సెల్ఫీ దిగి వెనక్కి వస్తారు. ఆ రోజుని రైలు ప్రయాణానికి వదిలేస్తే గొడవే లేదు.

సాలార్‌జంగ్ గురించి కొత్తగా చెప్పేదేముంది, చిన్నప్పుడు స్కూల్ ట్రిప్‌లో చూడనివాళ్ళు తక్కువ. అయితే పెద్దయ్యాక వెళ్తే వేరే మ్యూజియంలా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండుకి జనమంతా గడియారం ముందు చేరతారు, లోపలి నుంచి చిన్న బొమ్మ వచ్చి పన్నెండు గంటలు కొట్టి వెళ్తుంది, అదొక్కటే చూసి భోజనానికి వెళ్ళిపోయేవాళ్ళే సగం మంది. సరిగ్గా ఆ టైమ్‌లోనే మీరు ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గరికి వెళ్ళండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది, 1876లో హైదరాబాద్ దివాన్ మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. పాలరాతిలో ముఖం చెక్కి, దాని మీద పల్చటి గుడ్డ ఉన్నట్టు అదే రాతిలో చెక్కటం, దగ్గరికి వెళ్ళి చూసినా నమ్మబుద్ధి కాదు. పక్కకి జరిగి ఓరగా చూస్తేనే ముసుగు మడతలు బాగా తెలుస్తాయి, అందరూ ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని కదిలిపోతున్నారు. ఆ తర్వాత మేము నల్ల లోహం మీద వెండి పొదిగిన బిదిరీ సామాను, దక్కనీ చిత్రాలు, రవివర్మ బొమ్మలు చూసి బయటికొచ్చేశాం. పింగాణీ గదుల్లోకి వెళ్తే మాత్రం కాళ్ళు చచ్చుబడతాయి, ఇష్టం ఉంటే తప్ప వద్దు. బస మా బాబాయి ఇంట్లో కాబట్టి హోటళ్ళ గురించి నన్నడగొద్దు.

నడుస్తున్న ఎగ్జిబిషన్లు చూడాలనుకుంటే హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ నయం. అక్కడ ప్రదర్శనలు మారుతూ ఉంటాయి, ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ కూడా అక్కడే పెడుతుంటారు. మేము వెళ్ళినప్పుడు కుర్ర ఆర్టిస్టుల గ్రూప్ షో నడుస్తోంది. అన్నీ గొప్పగా ఉన్నాయని అనను, సగం కాన్వాసులు ఒకరిది చూసి ఒకరు వేసినట్టున్నాయి. అయితే ఒకమ్మాయి ఎచింగ్‌లు పెట్టింది. పక్కనే కూర్చుని ఉంది, అడిగితే చెప్పింది. జింక్ రేకు మీద మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీకి, రేకుని యాసిడ్‌లో ముంచితే గీకిన చోట మాత్రమే తినేస్తుందట. ఆ గాడుల్లో ఇంకు నింపి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో నొక్కితే బొమ్మ దిగుతుంది. కింద పెన్సిల్‌తో 3/10 అని రాసి ఉంటే పది ప్రతుల్లో అది మూడోదని అర్థం. లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ అంకె ధర కోడ్ ఏమో అనుకునేది మా అక్క. ప్రదర్శనకి ఆర్టిస్టు ఉండే టైమ్ కనుక్కుని వెళ్తే ఎంత తేడా ఉంటుందో అక్కడ తెలిసింది. సాయంత్రం పూట వెళ్ళండి, ఎక్కువగా అప్పుడే ఉంటారు.

విజయవాడలో బందరు రోడ్డుకి దగ్గరగా లాడ్జి తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, ఏసీ పనిచేసింది, కానీ కింద ఫంక్షన్ హాల్ ఉందన్న సంగతి బుకింగ్ యాప్‌లో ఎక్కడా లేదు. రాత్రి డీజే. రిసెప్షన్‌లో అడిగితే "పెళ్ళి కదమ్మా, ఒక్క రాత్రే" అన్నాడు, మనం ఉండేదీ ఒక్క రాత్రే అని అతనికెలా చెప్పాలి. ముహూర్తాల సీజన్‌లో వెళ్తుంటే బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఈ ఒక్క విషయం అడగండి.

బాపు మ్యూజియం అదే రోడ్డులో. పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం, 1887లో రాణి గారి స్వర్ణోత్సవానికి రాబర్ట్ సూయెల్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు పునాది వేసిన రాతి భవనం, తర్వాత బాపు గారి పేరు పెట్టారు, 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. పేరు చూసి లోపలంతా బాపు బొమ్మలే ఉంటాయనుకుని వెళ్ళొద్దు, ప్రధానంగా శిల్పాలు, నాణేలు, ఆయుధాలు ఉన్న పురావస్తు మ్యూజియం అది. అక్కడ తప్పకుండా చూడాల్సింది అల్లూరు బుద్ధుడు. నిలువెత్తు తెల్ల రాతి విగ్రహం, వస్త్రం మడతలు ఒక భుజం మీద నుంచి కిందికి వరసగా జారుతుంటాయి. రెబెక్కా ముసుగు చూసి వచ్చిన వెంటనే ఇది చూడటం భలే కుదిరింది. అక్కడ శిల్పి గుడ్డని నమ్మించడానికి తంటాలు పడ్డాడు, ఇక్కడి శిల్పి నాలుగు గీతలతో సరిపెట్టాడు, నాకైతే ఇదే నచ్చింది. రెండు గంటలు చాలు. ఒకపూట చూసుకుని సాయంత్రం రైలెక్కేయొచ్చు, దీని కోసమే రాత్రి ఉండక్కర్లేదు.

అమరావతికి విజయవాడ నుంచి బస్సులున్నాయి కానీ మేము కారు మాట్లాడుకున్నాం, పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేశాం. డ్రైవర్ దారంతా రాజధాని స్థలాల రేట్లు చెబుతూనే ఉన్నాడు. పాత బౌద్ధ స్తూపం దగ్గర ఇప్పుడు మిగిలింది గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు. ఏం చదవకుండా వెళ్తే "ఇంతేనా" అనిపిస్తుంది, పక్కన ఒక కుటుంబం అదే మాట అనుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయింది. కథ తెలిస్తే వేరు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఊరు కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బ తవ్వి రాళ్ళు వాడుకున్నారు, ఆ సంగతి విని 1798 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలు మద్రాసు పంపించాడు, వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్ళాయి. అంటే ఇక్కడ చెక్కిన శిల్పాలు చూడాలంటే ఇప్పుడు మూడు ఊళ్ళు తిరగాలి. ఊళ్ళోని మ్యూజియంలో మిగిలినవి తక్కువేం కాదు, పద్మాల పలకలు, పెద్ద నంది, పూర్ణఘటం ఉన్నాయి, ముంగిట్లో స్తూపం నమూనా కట్టారు. ముందు ఆ నమూనా చుట్టూ ఒకసారి తిరిగి ఏ పలక ఎక్కడ ఉండేదో చూసుకుని, ఆ తర్వాత లోపలికి వెళ్ళండి. చాలామంది బయటికి వచ్చేటప్పుడు చూస్తున్నారు, అప్పుడు చూసి లాభం లేదు. మంచినీళ్ళు, భోజనం మీరే చూసుకోవాలి. గుడి దగ్గర టిఫిన్ దొరుకుతుంది, ఎండాకాలం అయితే తొమ్మిదింటికల్లా అక్కడ ఉండేట్టు బయల్దేరండి.

ఇక రాజమండ్రి. విజయవాడ నుంచి మూడు గంటల లోపే, రైళ్ళకి లోటు లేదు. హోటల్‌లో "రివర్ వ్యూ" గదికి ఎక్కువ డబ్బులు కట్టాం, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ ఏసీ డబ్బాలు, వాటి మధ్య నుంచి వేలెడు గోదావరి. మా అక్క నవ్వి "నది కనపడిందా లేదా" అంది. ఆ డబ్బులు దండగ, గట్టు మీదికి నడిచి వెళ్తే నది మొత్తం ఉచితం. గదిని మాత్రం గట్టుకి దగ్గరలోనే చూసుకోండి, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి నడిచి వెళ్ళొచ్చు.

చిత్రకారుడు రామారావు 1897లో ఈ ఊళ్ళోనే పుట్టి 1925లో మశూచితో పోయాడు. ముప్ఫై కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో ఏముందో గుర్తుపట్టి 1916లో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కి పంపించాడు, అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. చదువు అయ్యాక రామారావు బొంబాయిలోనో కలకత్తాలోనో ఉండిపోకుండా వెనక్కొచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టాడు. అందుకే ఆయన బొమ్మల్లో ఉన్నవాళ్ళు మన మనుషులు. "సిద్ధార్థ రాగోదయం"లో యశోధర వైపు నిలబడ్డ అమ్మాయిల ఒంటి తీరు, "పుష్పాలంకరణ"లో మెడ దగ్గర గీత తిరిగిన పద్ధతి చూడండి, అప్పటి బెంగాల్ చిత్రకారుల పొగమంచు రంగులు ఉండవు, గీత తేటగా ఉంటుంది. నాకు మరీ నచ్చినవి స్కెచ్‌లు. పూర్తయిన బొమ్మలో కనపడని తొందర వాటిలో ఉంటుంది, ఒక చెయ్యి గీసి, నచ్చక, పక్కనే మళ్ళీ గీస్తాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, స్నేహితుడు వరదా వెంకటరత్నం కూడా చిత్రకారులే, ఒక ఇంటి నుంచి, ఒక స్నేహం నుంచి ఇంత పని వచ్చిందన్నది అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

మేము ఉన్నంతసేపూ లోపలికి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. అది మనకి అదృష్టమే, ఒక బొమ్మ ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, ఎవరూ వెనక నుంచి తోయరు. ఉదయం వెలుతురు ఉన్నప్పుడు వెళ్ళండి, ఫోన్ ఫ్లాష్ మాత్రం ఎక్కడా వాడొద్దు. కాగితం మీద నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, ఒకసారి పోయిన రంగు తిరిగిరాదు. అందుకే పెద్ద మ్యూజియంలలో అలాంటి వాటి మీద 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) మించకుండా లైటు పెడతారు. చీకటిగా ఉందని విసుక్కునేవాళ్ళకి ఆ ముక్క ఒక బోర్డు మీద రాసి పెడితే ఎంత బాగుంటుంది. ఈ దారిలోనే ఒకచోట, పేరు చెప్పను, అద్దంలో ట్యూబ్‌లైటు తప్ప బొమ్మ కనపడలేదు. ఇంకోచోట "పేరులేని చిత్రం" అని రాసి, వేసినవాళ్ళ పేరు కూడా రాయలేదు. అడిగితే సెక్యూరిటీ అబ్బాయి "నేను డ్యూటీకి కొత్త సార్" అన్నాడు, నేను ఆడదాన్ని. లేబుల్ రాయడానికి కోట్ల బడ్జెట్ అక్కర్లేదు కదా, పేరు, ఏడాది, దేనితో వేశారో, రెండు వాక్యాలు, అంతే.

టైమ్ ఉంటే పక్కనే గట్టు మీద రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం కూడా చూడండి, చిన్నదే. తర్వాత రోజ్‌మిల్క్ తాగకుండా వస్తే ఊరికి వెళ్ళినట్టే కాదంటారు, తాగాం, నాకు తీపి ఎక్కువ.

రాత్రి రైల్లో చెన్నై. ఎగ్మోర్ మ్యూజియం పెద్ద ఆవరణ, చాలా బిల్డింగులు, కాబట్టి అమరావతి గది ఎక్కడుందో టికెట్ కౌంటర్‌లోనే అడిగి నేరుగా అక్కడికే వెళ్ళండి. నలగిరి ఏనుగు పలక దగ్గర ఆగండి. ఒకే గుండ్రంలో ఎడమ పక్క మదమెక్కిన ఏనుగు మనుషుల్ని తొక్కుకుంటూ వస్తుంది, కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది, మధ్యలో జనం హడలిపోతుంటారు, పై కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తుంటారు. అమరావతిలో ఖాళీ దిబ్బ చూసి వచ్చాం కాబట్టే ఇక్కడ అంతసేపు నిలబడ్డాం, నేరుగా చెన్నైకే వచ్చి ఉంటే ఇదీ ఒక రాయిలా దాటేసేవాళ్ళమేమో. ఆ తర్వాత కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువెణ్కాడు అనే ఊళ్ళో దొరికిన అర్ధనారీశ్వరుడు. మిగతా బిల్డింగులకి ఓపిక ఉంటే వెళ్ళండి, మాకు లేదు, ఆటో మాట్లాడుకుని స్టేషన్‌కి వచ్చేశాం.